గౌతమి వంతెన మీద ఊగిన ట్రైలర్: ఒక కేసు పూర్తి వివరాలు

మా వర్క్‌షాపు రావులపాలెం దగ్గర. కార్ల సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్, ట్రాక్టర్ ట్రక్కుల ఇరుసు పనులు మాకు రోజూ ఉండేవి. ఈమధ్య కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకునేవాళ్లు కూడా వస్తున్నారు. ఒకాయన చేపల చెరువు దగ్గరికి మేత బస్తాలు తీసుకెళ్తారు, ఇంకొకరు ఫైబర్ పడవ లాక్కెళ్తారు, మరొకరు కడియం నుంచి మొక్కలు తెచ్చుకుంటారు. అందరూ అడిగే మొదటి మాట ఒకటే: "నా బండి ఎంత బరువు లాగుతుందండీ?" ఇప్పటి డీజిల్ కార్లకి టన్ను బరువు లాగడం పెద్ద పనేం కాదు. ఆ బరువు ట్రైలర్‌లో ఎక్కడ కూర్చుందో అడిగేవాళ్లే కనబడరు. కింద రాసిన కేసులో ప్రమాదం మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. కుటుంబాన్ని అడిగి, వాళ్ల పేర్లు లేకుండా రాస్తున్నాను.

ఆయన ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. అందరూ మాస్టారనే పిలుస్తారు. అమలాపురం వైపు వాళ్లది చిన్న కొబ్బరితోట. చెట్ల మధ్య కోకో వేద్దామని, ఇంటి ముందు పామ్ మొక్కలు పెడదామని కడియపులంకలో కొన్నారు. కారేమో ఛాసిస్ మీద కట్టిన ఏడు సీట్ల డీజిల్ బండి, ఆర్సీలో ఖాళీ బరువు 1,885 కిలోలు. ట్రైలర్ ఒకే ఇరుసుది, బాడీ పొడవు ఎనిమిది అడుగులు, బ్రేకుల్లేవు. దానికి రిజిస్ట్రేషన్ ఉంది, వెనక కారు నంబరు కూడా రాయించారు. ఆ మాత్రం శ్రద్ధ తీసుకునేవాళ్లు తక్కువ, అందుకే చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, లాగే బండి నంబరు ట్రైలర్ మీద కనబడాలి.

ఆ రోజు మధ్యాహ్నం జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కారు. కార్లో భార్య, ఇద్దరు పిల్లలు. వేగం డెబ్భై అయిదు, ఎనభై మధ్య ఉందని ఆయనే చెప్పారు. పక్కనుంచి ఒక లారీ దాటి వెళ్లింది. లారీ ముందుకు తోసే గాలి ట్రైలర్‌ని ఎడమకి నెట్టింది, లారీ వెళ్లిపోగానే కుడికి వచ్చింది. అక్కడితో ఆగలేదు. ఒక్కో ఊపూ ముందుదానికంటే పెద్దదైంది. మాస్టారు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి సరిచేయబోయారు, తర్వాత బ్రేకు తొక్కారు. ట్రైలర్ ఎడమ చక్రం వంతెన అంచు దిమ్మకి రాసుకుని, వేగం తగ్గాక బండి నిలిచింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వంతెన దిగి మెల్లగా మా దగ్గరికి వచ్చేశారు.

"స్టీరింగ్ నా చేతిలో లేదు తమ్ముడూ. అలైన్‌మెంట్ పోయినట్టుంది, చూడు" అన్నారు మాస్టారు.

"ఈయన బ్రేకు వేశాక ఇంకా ఎక్కువ ఊగిందండీ" అన్నారు వాళ్లావిడ. కేసులో నాకు దొరికిన మొదటి సాక్ష్యం ఆ మాటే.

కారు అలైన్‌మెంట్ చూశాం. తేడా లేదు. బాల్ జాయింట్లు, వెనక బుష్‌లు బాగానే ఉన్నాయి. అప్పుడు ఒక్క మొక్క కూడా దించనివ్వకుండా, ఉన్నది ఉన్నట్టుగా ట్రైలర్‌ని కాటాకి పంపాను. ఇలాంటి కేసుల్లో ఇది ముఖ్యం. జనం బండి ఆగగానే సరుకు సర్దేస్తారు, దాంతో అసలు కారణం చెరిగిపోతుంది.

కాటా మీద ట్రైలర్ మొత్తం బరువు 940 కిలోలు తూగింది. ట్రైలర్ ఖాళీ బరువు 260. అంటే సరుకే 680 కిలోలు.

తర్వాత ట్రైలర్‌ని కారుకి తగిలించే కొక్కెం దగ్గర ఎంత బరువు పడుతోందో చూశాం. దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు. ఇళ్లలో మనుషులు బరువు చూసుకునే మిషన్ చాలు. చదునైన చోట ట్రైలర్ చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టి, కారు నుంచి విప్పి, మిషన్ మీద ఒక కర్ర దుంగ నిలబెట్టి, దాని మీద ట్రైలర్ కప్పుని, అంటే కారు వెనక ఉండే గుండ్రటి బాల్ మీద బోర్లా కూర్చునే గిన్నెని, ఆనించాలి. దుంగ పొడవు కారు బాల్ ఉండే ఎత్తుకి సరిపోవాలి. ట్రైలర్ ముక్కు పైకో కిందికో వాలి ఉంటే లెక్క మారిపోతుంది. మా మిషన్ 12 కిలోలు చూపించింది. మాస్టారు వంగి మళ్లీ చూశారు.

940 కిలోల ట్రైలర్‌కి కొక్కెం మీద 12 కిలోలు. ఒకటిన్నర శాతం కూడా లేదు. యూరప్ అలవాటులో అయిదు నుంచి ఏడు శాతం, అమెరికా అలవాటులో పది నుంచి పదిహేను శాతం పెట్టుకుంటారు. అక్కడి ట్రైలర్లు, వేగాలు, కొక్కేలు వేరు కాబట్టి అంకెలూ వేరు. కానీ ఒకటిన్నర శాతాన్ని ఎవరూ ఒప్పుకోరు.

ఎడ్లబండి తోలినవాళ్లకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఇరుసు వెనక బరువెక్కితే కాడి ఎద్దుల మెడల మీద నుంచి లేస్తుంది, ముందు ఎక్కువైతే మెడలు కాయలు కాస్తాయి. అందుకే బస్తాలు వేసేటప్పుడు కాడి చేత్తో ఎత్తి చూసేవాళ్లు. కారు ట్రైలర్‌కీ లెక్క అదే, కాకపోతే ఇక్కడ వేగం తోడవుతుంది. బరువు కేంద్రం ఇరుసుకి తగినంత ముందుంటే, ట్రైలర్ పక్కకి జరిగినప్పుడు టైర్లు దాన్ని తిరిగి దారిలోకి తెస్తాయి, ఊపు రెండు మూడు సార్లకి చచ్చిపోతుంది. కేంద్రం ఇరుసు మీదికో వెనక్కో వెళ్తే ఆ అణచే శక్తి తగ్గిపోతుంది. ప్రతి కారు, ట్రైలర్ జతకీ ఒక వేగం ఉంటుంది. అది దాటాక ఊపు తగ్గడం మానేసి పెరగడం మొదలుపెడుతుంది. కొక్కెం మీద బరువు తగ్గితే ఆ వేగం కిందికి దిగుతుంది. బరువు ట్రైలర్ రెండు చివరలా పేర్చినా దిగుతుంది. నలభైలో హాయిగా వచ్చిన బండి డెబ్భై అయిదులో ఎదురుతిరగడం వెనక ఉన్నది ఇదే.

బ్రేకు విషయంలో మేడంగారు చూసింది నిజమే. ట్రైలర్‌కి బ్రేకుల్లేనప్పుడు కారు ఆగుతుంటే ట్రైలర్ వెనక నుంచి తోస్తుంది. ట్రైలర్ తిన్నగా ఉంటే ముందుకి తోస్తుంది, వంకరగా ఉన్నప్పుడు కారు వెనక భాగాన్ని పక్కకి తోస్తుంది.

సరుకు ఎలా వేశారు

ఇప్పుడు దించమన్నాను, దించుతూ ఏది ఎక్కడుందో రాసుకున్నాం. ముందు వైపు కోకో మొక్కల ట్రేలు, వర్మీ కంపోస్టు బస్తాలు. వెనక తలుపుకి ఆనించి 14 అరెకా పామ్ సంచులు. అంత బరువైనవి వెనక ఎందుకు పెట్టారంటే, ముందు పెడితే ఆకులు కారు వెనక అద్దానికి రాసుకుని చిరుగుతాయని. పైగా ఆకులు ఎగరకుండా చుట్టూ ఆకుపచ్చ షేడ్‌నెట్ బిగించి కట్టారు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. ఊళ్లో చెట్లూ ఇళ్లూ దాన్ని ఆపుతాయి, వంతెన మీద ఆపేదేమీ లేదు. ఆ నెట్ గాలిని పూర్తిగా పట్టింది, అదీ ఇరుసుకి వెనక, మనిషెత్తున.

దించుతుండగా నా చేతికి తడి తగిలింది. సంచులు కింద నుంచి ఇంకా కారుతున్నాయి, ట్రైలర్ నేల మీద మట్టినీళ్లు నిలిచాయి. బయల్దేరే ముందు నర్సరీ కుర్రాళ్లు పైపుతో బాగా తడిపారట, దారిలో వాడిపోకుండా. మంచి మనసుతో చేసిన పనే. అదే సైజు సంచి ఒకటి పొడిగా, ఒకటి తడిపి తూచి చెప్పమని నర్సరీకి ఫోన్ చేశాం. పొడి సంచి 24 కిలోలు, తడిపింది 28. ఒక్కో సంచికి నాలుగు కిలోల చొప్పున 14 సంచులకి 56 కిలోల నీళ్లు, అన్నీ ఇరుసుకి రెండున్నర అడుగుల పైన వెనక. ముందున్న కోకో ట్రేలు చిన్నవి, పట్టిన నీళ్లు పది కిలోలకి మించవు. ఇరుసు నుంచి కొక్కెం దాకా దూరం ఎనిమిది అడుగులు. ఆ లెక్కన నీళ్లు పోయకముందు కొక్కెం మీద 27 కిలోలదాకా ఉండాలి. అదీ చాలదు, కానీ ఉన్న కాస్తలో సగానికి పైగా ఆ నీళ్లే తీసేశాయి. ఇదంతా కంటికి కనబడదు. మొక్కలు అవే, వరస అదే, తాడు అదే.

తప్పు సర్దుబాటులోనే లేదు, ట్రైలర్ తయారీలోనూ ఉంది. ఇరుసుని బాడీకి సరిగ్గా నడిమధ్యన పెట్టారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ సరుకు సమంగా వేసినా కొక్కెం మీద పడేది డ్రాబార్ (బాడీ నుంచి కొక్కెం దాకా వచ్చే ఇనుప దండం) బరువే, ఈ ట్రైలర్‌కి అది 22 కిలోలు.

టైర్లు, బాల్, తాడు

ట్రైలర్‌కి వేసినవి పాత చిన్న కారు టైర్లు, 145/80 ఆర్12, పక్కన 74 అని ఉంది. ఆ 74 లోడ్ ఇండెక్స్, అంటే టైరుకి 375 కిలోలు. రెండిటికీ కలిపి 750. ఆ రోజు ఇరుసు మీద ఉన్నది 928 కిలోలు. గాలి 24 పాయింట్లే ఉంది. మెత్తబడిన టైరు పక్క గోడలు ఊగుతాయి, ఆ ఊపు ట్రైలర్ ఊపుకి తోడవుతుంది. టైరు మీద అంగుళం పొడవు గడిలో నాలుగంకెల తయారీ కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. వీటి మీద 3114 అని ఉంది, 2014లో 31వ వారం. గీతలు లోతుగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అడుగున మాత్రం రబ్బరు బీటలు వారింది.

బాల్‌ని వెర్నియర్‌తో కొలిచాం. 47.6 మిల్లీమీటర్లు, అంటే 1 7/8 అంగుళాలది. ట్రైలర్ కప్పు 50 మిల్లీమీటర్ల బాల్ కోసం చేసింది. బాల్ పైన ఒక పక్క క్రోమ్ ఊడి, రూపాయి బిళ్లంత మేర మెరుస్తోంది. కప్పు అక్కడ గుద్దుకుంటూ ఉంది. రెండు మిల్లీమీటర్ల సందంటే తక్కువగానే అనిపిస్తుంది. గతుకులో ట్రైలర్ ఎగిరినప్పుడు, పైగా కొక్కెం మీద పన్నెండు కిలోలే ఉన్నప్పుడు, కప్పు బాల్ నుంచి ఊడి రావడానికి ఆ సందు చాలు. బాల్ మీద, కప్పు మీద సైజు చెక్కి ఉంటుంది. చదవాలి, రెండూ ఒకటేనని చూసుకోవాలి.

బాల్ బిగించిన పట్టీ బంపర్ వెనక రేకుకి పట్టి ఉంది, ఛాసిస్‌కి కాదు. ఇక బాల్ ఊడితే ఆపడానికి గొలుసు ఉండాల్సిన చోట కొబ్బరి తాడు! మన కోనసీమ తాడు మీద నాకూ గౌరవమే. అయినా ఆ బరువు ఆ వేగంలో ఒక్కసారి గుంజితే తాడు నిలవదు. రెండు గొలుసులు కావాలి, కప్పు కింద ఒకదానికొకటి అడ్డంగా దాటేటట్టు వేయాలి. అలా వేస్తే బాల్ ఊడినా డ్రాబార్ రోడ్డుకి గుచ్చుకోకుండా గొలుసుల మీద పడుతుంది.

ఏం చేశాం

ముందు మాన్యువల్ తెరిచాం. డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు విప్పకుండానే ఉంది. మాస్టారి అదృష్టం, అందులో ట్రైలర్ పేజీ ఉంది: బ్రేకుల్లేని ట్రైలర్ అయితే 750 కిలోలు, బాల్ మీద నిలువు బరువు 75 కిలోలు. ఆ ఒక్క పేజీ చదివి ఉంటే 940 అన్నది ఆ రోజు రోడ్డెక్కేది కాదు. యూరప్‌లో కూడా బ్రేకుల్లేని ట్రైలర్‌కి గరిష్ఠంగా 750 కిలోలు, అదీ కారు బరువులో సగానికి లోబడి.

చాలా కార్ల మాన్యువళ్లలో ఈ అంకెలు ఉండవు, లేదా ట్రైలర్ లాగొద్దని స్పష్టంగా రాసి ఉంటుంది. అలాంటి బండికి నేను బాల్ బిగించను. "ఇదే మోడల్‌కి ఆస్ట్రేలియాలో రెండు టన్నులు ఇచ్చారండీ" అని ఫోన్లో చూపించేవాళ్లున్నారు. అక్కడ అమ్మే బండికి రేడియేటర్, వెనక స్ప్రింగులు, కొక్కెం బిగించే చోటు వేరుగా ఉండొచ్చు. ఆ అంకెని ఇక్కడి బండికి అరువు తెచ్చుకోకూడదు.

ట్రైలర్‌ని తయారుచేసిన షాపుకే పంపి ఇరుసుని ఆరంగుళాలు వెనక్కి జరిపించాం. పట్టీ తీసేసి, ఛాసిస్ రెండు దూలాలకీ బోల్టులతో పట్టే బార్ వేయించి, 50 మిల్లీమీటర్ల బాల్ పెట్టాం. అదే సైజు కొత్త టైర్లు వేశాం. సరుకు 400 కిలోలకి మించకూడదని ట్రైలర్ పక్కన పెయింట్‌తో రాయించాను. 400 సమంగా వేసి తూస్తే మొత్తం 660, కొక్కెం మీద 55. ఎనిమిది శాతం పైన, కారు హద్దు 75కి లోపల. ఆ 55 కిలోలు కారు మోసే బరువులో భాగమని మరిచిపోకూడదు. ఏడుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, దాని మీద ట్రైలర్ అంటే కారు వెనక ఇరుసు కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి.

లైట్లది చిన్న పని. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మసకబారుతోంది, ఎర్త్ బాల్ ద్వారా తిరుగుతోంది. విడిగా ఎర్త్ తీగ లాగి ఏడు పిన్నుల సాకెట్ పెట్టాం. ఇరుసు జరిపిన సంగతి ఆర్టీవో ఆఫీసులో చెప్పి, తనిఖీ చేయించి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతలో తెలిపాకే ట్రైలర్ రోడ్డెక్కాలని షరతు పెట్టాను. మాస్టారు అలాగే చేశారు.

నడపడం

కాగితాలన్నీ అయ్యాక, తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 400 కిలోల ఇసుక బస్తాలతో వెళ్లాం. నలభైలో స్టీరింగ్‌ని ఒక్క చిన్న కదుపు కదిపి అద్దంలో చూశాం, ట్రైలర్ ఒకసారి ఊగి నిలిచింది. యాభైలో చూశాం, అరవైలో చూశాం. అరవైలోనూ రెండో ఊపుకే తగ్గింది. అంతకుమించి పరీక్షించలేదు, హద్దు అరవై అని పెట్టుకున్నాం. కాలవ గట్టు రోడ్డు మీద నలభై.

"మన సీమంతా బల్లపరుపు కదా తమ్ముడూ, ఘాట్ రోడ్డా ఏమన్నానా" అన్నారు మాస్టారు. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. డెల్టాలో కొండలు లేవు, నిజమే. కానీ ప్రతి వంతెనకీ ఎక్కుడు, దిగుడు ఉన్నాయి. దిగేటప్పుడు బ్రేకుల్లేని ట్రైలర్ బరువంతా కారు వెనక పడుతుంది. కారులో మనుషులతో కలిపి 2,100 కిలోలు అనుకుంటే, 660 అంటే దాదాపు మూడో వంతు అదనం. దాన్ని ఆపాల్సింది కారు బ్రేకులే. దిగడం మొదలవకముందే గేరు తగ్గించి వేగం దించుకోవాలి.

గట్టు రోడ్డుది ఇంకో చిక్కు. మలుపులో ట్రైలర్ చక్రం కారు చక్రం వెళ్లిన దారిన వెళ్లదు, లోపలికి కోసుకుంటుంది. కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్లే రోడ్డు మీద ఆ లోపలి వైపు చాలాచోట్ల కాలవే. వానలు పడ్డాక అంచు మట్టి మెత్తగా ఉంటుంది, చక్రం తారు దిగితే గట్టు జారుతుంది. ఎదురుగా బస్సొస్తే మనం తారు దిగడానికి అలవాటుపడ్డాం. ట్రైలర్ ఉన్నప్పుడు దిగకండి. వెడల్పున్న చోట ముందే ఆగి బస్సుని పోనివ్వండి.

వెనక్కి నడపడం స్కూలు మైదానంలో నేర్పాను. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టుకుంటే, ట్రైలర్ ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరపాలి. కొంచెం కొంచెంగా. మేడంగారికి మాస్టారికంటే ముందే పట్టుబడింది. గట్టు మీద మాత్రం ఆ ప్రయత్నమే వద్దన్నాను. ఖాళీ ట్రైలర్ అయితే విప్పి ఇద్దరు మనుషులు చేత్తో తిప్పేయొచ్చు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద ఎక్కిస్తే ఎలా ఉంటుందనీ అడిగారు. రేవు వాలు దగ్గర డ్రాబార్ నేలకి గుద్దుకునే వీలుంది. చించినాడ వంతెన మీదుగా వెళ్లమన్నాను.

మళ్లీ ఊపు వస్తే ఏం చేయాలో ఇద్దరి చేతా నోటితో చెప్పించాను. యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీయాలి. స్టీరింగ్ తిన్నగా, గట్టిగా పట్టుకోవాలి, ఊపుకి ఎదురు తిప్పకూడదు. బ్రేకు తొక్కకూడదు, వేగం పెంచి సరిచేయాలనీ చూడకూడదు. వేగం దానంతటదే దిగాక మెల్లగా పక్కకి ఆపి, బరువు సర్ది, మిషన్ మీద చూసుకున్నాకే కదలాలి. ఆ భయంలో కాలు బ్రేకు మీదికే వెళ్తుంది. అందుకే నోటితో చెప్పించడం.

పామ్ మొక్కలు మిగతావి ఇంకో విడతలో తెచ్చుకున్నారు. ఈసారి సంచులు ఇరుసుకి ముందూ వెనకా దగ్గరగా, ఆకులు వెనక్కి వాల్చి కట్టారు. నెట్ లేదు. నీళ్లు ఇంటికెళ్లాకే. బయల్దేరే ముందు కొక్కెం బరువు ఫొటో తీసి పంపారు, 58 కిలోలు.

కొన్ని నెలల తర్వాత ట్రైలర్ తనిఖీకి వచ్చింది. టైర్లు రెండూ సమంగా అరిగాయి. కుడి హబ్ మాత్రం చేత్తో ముట్టుకుంటే రెండోదానికంటే వేడిగా ఉంది. విప్పితే సీలు నలిగి, గ్రీజులో సన్నటి ఇసుక కలిసింది. బేరింగు, సీలు మార్చాం. తోటలో ట్రైలర్ చక్రాలు బురదనీళ్లలో మునుగుతున్నాయట, అదీ దారి నడిచి వేడెక్కిన హబ్‌తో. వేడి హబ్ ఒక్కసారిగా చల్లబడితే లోపలికి నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లలోకి దించే ముందు అరగంట ఆగమని, దారిలో ఆగిన ప్రతిసారీ రెండు హబ్‌లూ చేత్తో తాకి చూడమని చెప్పి పంపాను. వానలు మొదలయ్యేలోపు ఎడమ హబ్ కూడా విప్పి చూడాలి.